స్టాండు వేసి తొక్కిన సైకిలూ, లక్ష రూపాయల ట్రైనరూ

చిన్నప్పుడు నాన్న సైకిలుకి స్టాండు వేసి, సీటెక్కి, వెనక చక్రం గాల్లో గిర్రున తిరుగుతుంటే ఉన్నచోటే ఉండి ఊళ్లన్నీ తిరిగొచ్చినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. ఇంట్లో పెట్టుకునే సైకిల్ ట్రైనర్ కూడా అసలు సంగతికొస్తే అంతే. చక్రం తిరుగుతుంది, సైకిలు కదలదు. మరి ఆ రోజుల్లో గంటసేపు తొక్కినా చెమట ఎందుకు పట్టలేదు? చక్రానికి అడ్డేమీ లేదు కాబట్టి. నాలుగు తొక్కులు తొక్కితే చాలు, మిగతాది చక్రమే చూసుకునేది.

అదే సైకిలుకి డైనమో ఉంటే కథ వేరు. దాన్ని టైరుకి ఆనించగానే ముందు కాళ్లకి తెలిసేది, తర్వాత లైటు వెలిగేది. 6 వోల్టుల, 3 వాట్ల ఆ బుడ్డి డైనమోకే తొక్కుడు బరువెక్కేది. దానికి ముప్పై నలభై రెట్లు అడ్డు పెట్టి, స్టాండు ఊగకుండా గట్టిగా చేస్తే వచ్చేదే ఇప్పటి మామూలు ట్రైనర్. లక్ష రూపాయల ట్రైనర్ కూడా ఈ రెండు పనులే చేస్తుంది, కాకపోతే చాలా నాజూగ్గా చేస్తుంది. ఆ నాజూకుకి మీరు డబ్బు పెట్టాలా వద్దా అన్నదే ప్రశ్న.

వానాకాలం మొదలయ్యేసరికి నాకు ఏటా రెండు మూడు ఫోన్లు వస్తాయి. "ట్రైనర్ కొందామనుకుంటున్నా, ఏది మంచిది?" అని. "ఇప్పుడు నీ దగ్గర ఏ సైకిలుంది?" అని అడిగితే, చాలాసార్లు వచ్చే జవాబు: "సైకిలా? లేదు కదా, అదే కదా కొనేది!"

గందరగోళమంతా ఇక్కడే మొదలవుతుంది.

పేర్ల తికమక

ట్రైనర్ అంటే సైకిలు కాదు. మీ దగ్గర ఉన్న సైకిలుకి వెనకభాగాన తగిలించే పరికరం. సైకిలు లేకుండా ట్రైనర్ కొనడం పొయ్యి లేకుండా గ్యాస్ సిలిండర్ కొనడం లాంటిది. సైకిలు లేనివాళ్లకి కావలసింది స్పిన్ బైకో, మామూలు ఎక్సర్‌సైజ్ సైకిలో. స్పిన్ బైక్ అంటే జిమ్ముల్లో వరసగా కనిపించేవి. ముందు పెద్ద ఇనప చక్రం, హ్యాండిల్ మీదికి వంగి కూర్చునే తీరు. ఎక్సర్‌సైజ్ సైకిల్ మీద నిటారుగా కూర్చుంటాం, చక్రం డబ్బాలో మూసి ఉంటుంది. వీపుకి ఆనుడుతో, కుర్చీలో కూర్చున్నట్టు కాళ్లు ముందుకి చాపి తొక్కేవి రికంబెంట్ రకం. ఇవి కాక, పెద్ద ఫ్యానుని తిప్పుతూ చేతులు కూడా ఊపే ఎయిర్ బైకులున్నాయి. అవి మంచివే గానీ, అపార్టుమెంటులో పెట్టుకుంటే ఇంట్లోనే విమానం దిగినట్టుంటుంది. రోలర్లు అని ఇంకో రకం: మూడు గొట్టాల మీద సైకిలు పెట్టి, పట్టుకునేదేమీ లేకుండా బ్యాలెన్స్ చేస్తూ తొక్కాలి. రేసులు ఆడేవాళ్లకి అది సరదా. మనకి మోచిప్ప పగలగొట్టుకునే మార్గం.

కాబట్టి ట్రైనర్ ఎవరికి? ఇప్పటికే మంచి గేర్ల సైకిలుండి, బయట తొక్కే అలవాటుండి, వాన వల్లో, ట్రాఫిక్ వల్లో, తెల్లారుజామున వెంటపడే కుక్కల వల్లో ఆ అలవాటు తెగిపోతున్నవాళ్లకి. 2016లో ఆస్ట్రేలియా రైడర్ మాథ్యూ హేమన్ ఫిబ్రవరి చివర్లో రేసులో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. రోడ్డెక్కే దారి లేక ఇంట్లోనే ట్రైనర్ మీద తొక్కాడు. ఏప్రిల్ 10న పారిస్-రూబే గెలిచాడు. సైకిల్ రేసుల్లో అంతకన్నా కఠినమైనవి వేళ్ల మీద లెక్కపెట్టాలి. ట్రైనర్ కంపెనీలకి అంతకన్నా మంచి ప్రకటన ఉండదు. కానీ ఆయన అప్పటికే ఏళ్ల తరబడి అదే వృత్తిలో ఉన్నవాడని మరిచిపోకూడదు. ట్రైనర్ ఉన్న అలవాటుని కాపాడుతుంది. లేని అలవాటుని పుట్టించడం దానికి అంత తేలిక కాదు.

ఇంట్లో నలుగురు తొక్కుతారా? అయితే నిస్సందేహంగా స్పిన్ బైకో, ఎక్సర్‌సైజ్ సైకిలో కొనండి. సీటు ఎత్తు, హ్యాండిల్ ఎత్తు నిమిషంలో మార్చుకోవచ్చు. ట్రైనర్ మీద మీ కొలతకి బిగించిన సైకిలుని అమ్మ గానీ, పదేళ్ల అబ్బాయి గానీ తొక్కలేరు.

అడ్డు ఎలా పుడుతుంది

పాత కరెంటు మీటరు గుర్తుందా? గాజు వెనకాల ఒక అల్యూమినియం బిళ్ల అడ్డంగా తిరుగుతూ ఉండేది. ఆ బిళ్ల అదుపు లేకుండా తిరగకుండా పక్కనే ఒక అయస్కాంతం ఉండేది. అల్యూమినియానికి అయస్కాంతం అతుక్కోదు. అయినా బిళ్ల తిరిగేటప్పుడు దానిలో చిన్న చిన్న కరెంటు సుడులు పుట్టి, తిరుగుడుకి ఎదురు తోస్తాయి. ఏదీ దేన్నీ ముట్టుకోదు, అరగదు, చప్పుడు చేయదు. మాగ్నెటిక్ అని రాసున్న ప్రతి ట్రైనర్లోనూ, స్పిన్ బైకులోనూ ఉన్నది ఈ కిటుకే. అయస్కాంతాన్ని చక్రానికి దగ్గరగా జరిపితే బరువు, దూరం జరిపితే తేలిక.

చవక స్పిన్ బైకుల్లో అయస్కాంతం ఉండదు. చక్రాన్ని ఒక ఉన్ని దిమ్మ పైనుంచి నొక్కుతుంది. సైకిల్ బ్రేకు కట్ట రిమ్ముని పట్టుకున్నట్టే. కొన్నాళ్లకి అది అరుగుతుంది, కీచుమంటుంది, గట్టిగా తొక్కితే కాలిన వాసన వస్తుంది. అంతకన్నా చిరాకు, నిన్న ఎంత బిగించారో ఇవాళ మళ్లీ అంతే బిగించడం కుదరదు. కొద్దిగా ఎక్కువైనా సరే అయస్కాంతం ఉన్నదే కొనమంటాను.

వెనక టైరుకి ఒక చిన్న రోలరు ఆనించి అడ్డు పెట్టే మాగ్నెటిక్ ట్రైనర్లో ఒక లోటుంది. వేగం పెంచినకొద్దీ బరువు రోడ్డు మీద పెరిగినట్టు పెరగదు. రోడ్డు మీద మనకి అసలు శత్రువు గాలి. 20 నుంచి 40 కిలోమీటర్ల వేగానికి వెళ్లాలంటే గాలిని చీల్చడానికి పట్టే శక్తి రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు. ఈ పోకడని తేగలిగింది ఫ్లూయిడ్ రకం. ఒక చిన్న డబ్బాలో నూనెలో రెక్కలు తిరుగుతాయి, కవ్వంతో చిక్కటి మజ్జిగ చిలికినట్టు. మెల్లగా తిప్పితే తేలిక, వేగంగా తిప్పితే చెయ్యి లాగేస్తుంది. లివర్లు మార్చక్కర్లేదు, గేరు మారిస్తే చాలు. కరెంటు అక్కర్లేదు. కాకపోతే నూనె వేడెక్కేదాకా, అంటే మొదటి పది నిమిషాలు, తొక్కుడు ఒక రకంగా, తర్వాత ఒక రకంగా ఉంటుంది.

ఇక ఫ్లైవీల్, అంటే తొక్కుడు సాఫీగా సాగడానికి లోపల తిరిగే బరువైన చక్రం. అమ్మేవాళ్లు అన్నిటికన్నా గట్టిగా చెప్పేది దీని బరువే. "ఇది 8 కిలోలది సార్, అది 20 కిలోలది." ఈ అంకె దేనికో ఓసారి లెక్కేసి చూద్దాం.

75 కిలోల మనిషి 10 కిలోల సైకిలు మీద 30 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, ఆ పరుగులో దాగిన శక్తి సుమారు 2,950 జౌళ్లు. అందుకే రోడ్డు మీద కాలు ఆపినా బండి సాగుతుంది. పెడల్ పైకీ కిందికీ వచ్చే చోట కాలికి బలం చాలకపోయినా, ఆ వేగమే కాలుని దాటించేస్తుంది. ఇప్పుడు 45 సెంటీమీటర్ల వ్యాసం, 8 కిలోల బరువు ఉన్న స్పిన్ బైకు చక్రం తీసుకోండి. బరువంతా అంచునే ఉందని దాని తరఫునే అనుకుందాం. పెడల్ నిమిషానికి 80 చుట్లు, చక్రం దానికి మూడు రెట్లు, అంటే 240 చుట్లు. లెక్క చూస్తే 130 జౌళ్లు కూడా లేదు. 20 కిలోల చక్రం వేసినా 320. రోడ్డుతో పోలిస్తే తొమ్మిదో వంతు.

వెనక చక్రం తీసేసి సైకిలుని నేరుగా తగిలించే డైరెక్ట్ డ్రైవ్ ట్రైనర్లలో ఫ్లైవీల్ 5 కిలోలే ఉండి కూడా రోడ్డు మీద ఉన్నట్టే అనిపిస్తుంది. కారణం, అందులో చక్రం బెల్టు సాయంతో నిమిషానికి వెయ్యి చుట్లు దాటి తిరుగుతుంది. శక్తి బరువుతో మామూలుగా పెరుగుతుంది, వేగంతో వర్గంగా పెరుగుతుంది. బరువు రెట్టింపు చేస్తే రెండింతలు, వేగం రెట్టింపు చేస్తే నాలుగింతలు. అందుకే ఫ్లైవీల్ ఎన్ని కిలోలన్నది ఒక్కటే అడిగితే సగం ప్రశ్నే అడిగినట్టు. తొక్కి చూడండి. కాలు పైనుంచి కిందికి వచ్చేటప్పుడు రోట్లో రోకలి పడ్డట్టు దభీ దభీమని ఉంటే అది చాలదు. చేద తాడు కప్పీ మీద జారినట్టు గుండ్రంగా సాగితే చాలు.

ఒక హెచ్చరిక. చాలా స్పిన్ బైకుల్లో, కాలు ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే ఫ్రీవీల్ ఉండదు. చక్రం తిరుగుతున్నంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది. ఠక్కున కాలు ఆపబోతే అది కాలుని లేపేస్తుంది. ఆపడానికి బరువు మార్చే మరనే కిందికి నొక్కాలి. ఇంట్లో ఎవరెక్కినా ముందు ఇది చూపించండి. ముందు చక్రం మూత లేనిదైతే చున్నీలు, చీర కొంగులు, పిల్లల వేళ్లు అన్నీ దానికి ఆహారమే. అమ్మకోసం అయితే చీరతో ఎక్కి దిగగలిగేలా మధ్యలో అడ్డు తక్కువగా, అంతా మూసి ఉన్నది చూడాలి.

పిండిమర కథ

నా మొదటి ట్రైనర్ టైరుకి ఆనే రకం. నాకున్నది లావు టైర్ల మౌంటెన్ సైకిలు. బిగించాను, పొద్దున్న ఐదింటికి ఎక్కాను. ఆ టైరు మీద ఉన్న గుబ్బలు ఒక్కొక్కటే రోలరుని కొడుతుంటే వచ్చే చప్పుడు మీరు వినాల్సిందే. మూడో రోజు కింది ఫ్లాట్ పిన్నిగారు మెట్లెక్కి వచ్చారు. కోపంగా కాదు, అనుమానంగా. "ఏం బాబూ, ఇంట్లో పిండిమర ఏమైనా పెట్టారా?"

చప్పుడులో రెండు రకాలుంటాయని అప్పుడు తెలిసింది. ఒకటి గాల్లో వచ్చేది, గదిలో ఉన్నవాళ్లకి వినిపించేది. రెండోది నేలలోంచి దిగేది. మనం మొదటిది విని "పర్లేదు" అనుకుంటాం. కింది ఇంటివాళ్లకి చేరేది రెండోది. గుబ్బల టైరు తీసేసి నున్నటి టైరు వేశాను. ట్రైనర్ కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేశాను, బీరువా కిందో వాషింగ్ మెషిన్ కిందో వేసేలాంటిది. పిన్నిగారు మళ్లీ రాలేదు, అప్పటికి. మన కాంక్రీటు శ్లాబులు కొంత దయ చూపిస్తాయి. అమెరికాలో చెక్క ఫ్రేముల అపార్టుమెంట్లలో ఉండే మనవాళ్లకి ఆ దయ కూడా ఉండదు. అక్కడ అన్నిటికన్నా కింది అంతస్తో, గరాజో ఉంటే తప్ప టైరు రకం జోలికి పోకపోవడమే మంచిది.

టైరుకి ఇంకో బాధ ఉంది. అది అరుగుతుంది. రోలరు నొక్కే చోట వేడెక్కి, నేల మీద నల్లటి పొడి రాలుతుంది. తెల్ల టైల్స్ ఉన్న ఇంట్లో ఇది గృహశాంతికి సంబంధించిన సమస్య. రోలరు టైరుకి ఆనాక మరో రెండు మూడు చుట్లు మాత్రమే బిగించాలి. తక్కువైతే టైరు జారుతుంది, ఎక్కువైతే తినేస్తుంది. గాలి ప్రతిసారీ ఒకే మోతాదులో ఉండాలి, లేకపోతే నిన్నటి వంద వాట్లకీ ఇవాళ్టి వంద వాట్లకీ సంబంధం ఉండదు. ట్రైనర్ల కోసమే చేసిన గట్టి టైర్లున్నాయి. రోడ్డు మీదికెళ్లే ముందు మాత్రం అవి తప్పకుండా మార్చాలి, తడి రోడ్డు మీద పట్టు ఉండదు.

ఇరుసు దగ్గర ఆగే పెళ్లి

డైరెక్ట్ డ్రైవ్‌లో ఈ టైరు గొడవలేమీ లేవు. వెనక చక్రం పూర్తిగా తీసేసి, సైకిలుని నేరుగా ట్రైనర్‌కి తగిలిస్తాం. చైను ట్రైనర్ మీదున్న పళ్లచక్రాలని తిప్పుతుంది. నిశ్శబ్దం, జారుడు లేదు, కొలతలు నమ్మొచ్చు. ధర మాత్రం టైరు రకం పదివేలకి అటూ ఇటూ దొరికితే, ఇది అరలక్ష దగ్గర మొదలై లక్ష దాటుతుంది. బరువు ఇరవై కిలోలకి దగ్గరగా ఉంటుంది కాబట్టి రోజూ మంచం కింద దాచి తీసే వస్తువు కాదు.

కానీ కొనే ముందు మీ సైకిలు వెనక ఇరుసు చూడాలి. సంబంధాలన్నీ కుదిరి జాతకాల దగ్గర ఆగినట్టు, చాలా బేరాలు ఇక్కడే ఆగిపోతాయి.

సైకిలు వెనక చక్రానికి నట్లు బిగించి ఉన్నాయా? మన పాత హీరో, అట్లాస్ సైకిళ్లకీ, ఇప్పటి చవక సైకిళ్లకీ ఇలాగే ఉంటుంది. మామూలు ట్రైనర్ పట్టుకునే చోట ఆ నట్లు అడ్డం. దానికి ప్రత్యేకమైన నట్లు వేరే వేయాలి. దానికి తోడు వెనక స్టాండు కమ్మీలు, మడ్‌గార్డు కడ్డీలు, క్యారియరు అన్నీ ఆ నట్టు మీదే కూర్చుని ఉంటాయి. నాన్నగారి సైకిలుని ట్రైనర్‌కి ఎక్కిద్దామనుకునేవాళ్లు ఆ ముచ్చట మానుకోవడం మేలు.

చేత్తో తిప్పి వదులు చేసే లివరుంటే అది క్విక్ రిలీజ్. టైరు రకం ట్రైనర్లు దీనికోసమే చేసినవి. ట్రైనర్‌తో పాటు ఒక ఉక్కు కడ్డీ ఇస్తారు. పాతది తీసి అది వేయాలి. బద్ధకించి పాతదానితోనే బిగిస్తే లివరు పగలొచ్చు, సైకిలు పక్కకి జారొచ్చు. ఈ మధ్య డిస్క్ బ్రేకుల సైకిళ్లకి 12 మిల్లీమీటర్ల లావు గొట్టంలాంటి త్రూ యాక్సిల్ వస్తోంది. దీనికి అడాప్టరు కావాలి. చవక టైరు రకాలకి చాలాసార్లు దొరకదు, డైరెక్ట్ డ్రైవ్‌తో చాలావరకు డబ్బాలోనే వస్తుంది. వెనక ఫోర్కు రెండు కొసల మధ్య దూరం కూడా స్కేలుతో కొలిచి రాసుకోండి: 130, 135, 142, 148 మిల్లీమీటర్లలో ఏదో ఒకటి వస్తుంది. అమ్మేవాడిని అడిగేటప్పుడు ఈ అంకె చెబితే సంభాషణ తీరే మారిపోతుంది.

తర్వాత పళ్లచక్రాలు. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే 21 గేర్ల సైకిళ్లకి వెనక ఏడు చక్రాలుంటాయి. చాలావాటికి అది మర తిప్పి బిగించే ఫ్రీవీల్. డైరెక్ట్ డ్రైవ్‌కి పట్టేది క్యాసెట్, అంటే గాళ్లున్న గొట్టం మీదికి జొప్పించేది. మీది ఏదో తెలుసుకోవాలంటే చక్రం విప్పి, పళ్లచక్రాలని వెనక్కి తిప్పి చూడండి. మధ్యలో పనిముట్టు పెట్టే గాళ్ల రింగు కూడా వాటితో పాటే తిరిగితే క్యాసెట్. రింగు కదలకుండా పళ్లు మాత్రమే తిరిగితే ఫ్రీవీల్. ఫ్రీవీల్ అయినా దారి ఉంది. ఏడు గేర్ల క్యాసెట్ ఒకటి కొని, సందు నింపే రింగులు (స్పేసర్లు) వేసి ట్రైనర్‌కి బిగించొచ్చు. తెలిసిన మెకానిక్ ఉంటే పదిహేను నిమిషాల పని. 2023లో ట్రైనర్ల యాప్ నడిపే జ్విఫ్ట్ వాళ్లు పళ్లచక్రాల గొడవకి ఇంకో విరుగుడు తెచ్చారు. ట్రైనర్ మీద ఒకే ఒక్క పళ్లచక్రం ఉంటుంది, గేర్లు మార్చేది హ్యాండిల్ మీది చిన్న మీట. చైను కదలదు, బరువు మాత్రం మారుతుంది. వెనక 8 నుంచి 12 పళ్లచక్రాలున్న సైకిళ్లు ఏవైనా దానికి పడతాయి.

తెలివైన ట్రైనర్‌కి తెలిసినవి

స్మార్ట్ ట్రైనర్ అంటే రెండు పనులు చేసేది: మీరు ఎన్ని వాట్లు తొక్కుతున్నారో కొలిచి చెప్పడం, యాప్ అడిగినంత అడ్డు తనంతట తనే పెట్టడం. తెర మీద కొండ వస్తే కాళ్లకి కొండ వస్తుంది. కొనేటప్పుడు ఎఫ్‌టీఎంఎస్ అనే నాలుగక్షరాలు ఉన్నాయో లేదో చూడండి. బ్లూటూత్‌లో ఫిట్‌నెస్ యంత్రాలన్నీ మాట్లాడుకునే ఉమ్మడి భాష అది. అది ఉంటే ఒక యాప్ నచ్చకపోతే ఇంకోదానికి మారొచ్చు. జ్విఫ్ట్‌కి నెలనెలా డబ్బు కట్టాలి, మైవూష్ ఉచితం. 2020లో మొదటి సైక్లింగ్ ఈ-స్పోర్ట్స్ ప్రపంచ చాంపియన్‌షిప్ జ్విఫ్ట్ మీదే జరిగింది, మగవాళ్లలో గెలిచిన జర్మన్ జేసన్ ఆస్బోర్న్ అసలు పడవ నడిపే క్రీడాకారుడు. ఆట ఆటే, కాళ్లు మాత్రం నిజం.

ఈఆర్‌జీ మోడ్ అని ఒకటి ఉంటుంది. 150 వాట్లు అని పెడితే, మీరు వేగంగా తొక్కినా మెల్లగా తొక్కినా అది 150 దగ్గరే పట్టుకుంటుంది. హాయిగా ఉంటుందనుకుంటాం. అలిసిపోయి మెల్లగా తొక్కడం మొదలుపెట్టినప్పుడు తెలుస్తుంది దాని సంగతి. నిమిషానికి 90 చుట్ల దగ్గర 150 వాట్లంటే పెడల్ మీద సగటున తొమ్మిదిన్నర కిలోల నొక్కుడు. 50 చుట్లకి పడిపోతే అదే 150 వాట్లకి పదిహేడు కిలోలు కావాలి. నొక్కలేక ఇంకా మెల్లగా తొక్కుతాం, అది ఇంకా బరువెక్కుతుంది, చివరికి బురదలో దిగిన ఎడ్లబండిలా ఆగిపోతాం. అప్పుడు చేయాల్సింది బలంగా నొక్కడం కాదు. ఓ పది సెకన్లు ఆపి, మళ్లీ వేగంగా మొదలెట్టడం.

బరువు తగ్గడానికి కొంటున్నారా? అయితే వాట్లు కొలవడం వల్ల ఒక మంచి లాభముంది. 100 వాట్ల చొప్పున గంట తొక్కితే చేసిన పని 360 కిలోజౌళ్లు. మన ఒళ్లు తిన్నదాంట్లో నాలుగో వంతు మాత్రమే పనిగా మారుస్తుంది, ఒక కిలో కేలరీలో 4.2 కిలోజౌళ్లుంటాయి. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, ఎన్ని కిలోజౌళ్లు తొక్కితే దాదాపు అన్ని కేలరీలు ఖర్చయినట్టు తేలుతుంది. అంటే గంటకి ఓ 360. వాట్లు కొలవని ఎక్సర్‌సైజ్ సైకిలు తెర మీద కేలరీల అంకె చూసి బిర్యానీ పార్సిల్ చెప్పేవాళ్లు జాగ్రత్త, అది చాలావరకు ఊహాగానం.

నా అభిప్రాయం అడిగితే, రేసులకో, లాంగ్ రైడ్లకో తయారయ్యేవాళ్లకి స్మార్ట్ ట్రైనర్ విలువైనదే. రోజూ అరగంట చెమట పట్టాలి, షుగరు అదుపులో ఉండాలి అనుకునేవాళ్లకి మాగ్నెటిక్ స్పిన్ బైకూ, గోడ గడియారమూ చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం. అది వాట్లలో చెప్పలేదు.

ఫ్యాను లేని ట్రైనర్

ట్రైనర్ కొనే అందరికీ నేను చెప్పేది, వినేది మాత్రం కొందరే: ముందు ఫ్యాను కొనండి. 100 వాట్ల పని చేస్తుంటే ఒంట్లో పుట్టే వేడి 300 వాట్లకి పైనే. బయట తొక్కేటప్పుడు ఎదురుగాలి దాన్ని మోసుకుపోతుంది. ఇంట్లో ఎదురుగాలి ఎక్కడిది? ఆ వేడి పోవాలంటే గంటకి అర లీటరు చెమట ఆవిరి కావాలి. ఆవిరి కావాలి, కారిపోతే లాభం లేదు. సీలింగ్ ఫ్యాను తల మీద గాలి కొడుతుంది, మనకి కావలసింది ఛాతీకి ఎదురుగా. మంచి పెడెస్టల్ ఫ్యానొకటి ఎదురుగా పెట్టుకుంటే గుండె వేగం అదే తొక్కుడికి తక్కువగా కనిపిస్తుంది, నేను చూసుకున్నాను.

ఊరుని బట్టి కూడా మారుతుంది. హైదరాబాద్‌లో మే నెల పొడివేడికి కూలర్ బాగా పనిచేస్తుంది. అదే కూలర్ విశాఖలోనో, మచిలీపట్నంలోనో పెడితే ఉన్న ఉక్కకి తేమ జతచేసినట్టు. అక్కడ కిటికీలు తెరిచి ఫ్యాను, లేదా ఏసీ ప్లస్ ఫ్యాను. మధ్యాహ్నం తొక్కడం రెండుచోట్లా తెలివితక్కువ.

కారే చెమటలో ఉప్పుంటుంది. అది సరిగ్గా హ్యాండిల్ బోల్టుల మీద, ముందు బేరింగుల మీద పడి తుప్పు పట్టిస్తుంది. హ్యాండిల్ మీద తువ్వాలు కప్పండి, దిగాక తడిగుడ్డతో తుడవండి. ట్రైనర్ మీద వాడే సైకిలు బయట తిరగదు కాబట్టి శుభ్రంగా ఉంటుందనుకోవడం పొరపాటు.

కరెంటు సంగతి కూడా. డైరెక్ట్ డ్రైవ్‌లు చాలావరకు ప్లగ్గు లేకుండా అడ్డు పెట్టలేవు. కరెంటు పోగానే ఒక్కసారిగా కాళ్ల కింద మెట్టు లేనట్టవుతుంది. అడాప్టరు చిన్నదే కాబట్టి ఇన్వర్టరు లైనులో ఉన్న ప్లగ్గుకి పెడితే సరిపోతుంది.

సీటు ఎత్తు సరిచూసుకోకపోతే మోకాలు ముందు చెబుతుంది. మడమ పెడల్ మీద పెట్టి అడుక్కి తెస్తే కాలు తిన్నగా చాచుకోవాలి. తొక్కేటప్పుడు ముందుపాదం పెడతాం కాబట్టి మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. మనవాళ్లు ఎక్కువగా సీటు మరీ కిందికి పెట్టి, మోకాలి ముందుభాగం నొప్పి అంటారు. పైగా రోడ్డు మీద సైకిలు అటూ ఇటూ ఊగుతుంది, గుంటలొస్తే లేస్తాం. ట్రైనర్ మీద కదలిక లేదు. పది నిమిషాలకోసారి పెడల్స్ మీద లేచి నిలబడకపోతే మొద్దుబారడం ఖాయం.

సెకండ్ హ్యాండ్‌లో మంచి సరుకు దొరుకుతుంది, ఉత్సాహం తగ్గినవాళ్లు ఎక్కువ కాబట్టి. కానీ మీ సైకిలు తీసుకెళ్లి అక్కడే బిగించి చూడండి. వేగంగా తొక్కి ఒక్కసారి ఆపి, ఫ్లైవీల్ ఆగేదాకా చెవి పెట్టి వినండి. గరగరమంటే బేరింగు, కీచుమంటే బెల్టు. మీ ఫోన్లో యాప్ కలిసి, అడ్డు నిజంగా మారుతోందని చూశాకే డబ్బు తీయండి. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్‌కి దగ్గర్లో ఉంటే మాత్రం, ముందు ఓ నెల అక్కడ తొక్కి చూడండి. పైకప్పు ఉంది, నీడ ఉంది, టికెట్ లేదు.

పిన్నిగారి సంగతి సగంలో ఆపాను. ఆవిడ ఈసారి మోకాలికి పట్టీతో వచ్చారు. డాక్టరు నడక తగ్గించి సైకిలు తొక్కమన్నారట. "బాబూ, నీదాంట్లాంటిదే కొననా?" అన్నారు. వద్దని, అంతా మూసి ఉన్న, తేలిగ్గా ఎక్కగలిగే మామూలు ఎక్సర్‌సైజ్ సైకిలు ఇప్పించాను. సీటు ఎత్తు నేనే పెట్టాను. అది బొత్తిగా చప్పుడు చేయదు. ఇప్పుడు పొద్దున్న ఐదున్నరకి కిందనుంచి మా ఇంట్లోకి వినిపించేది దాని ముందు పెట్టుకున్న టీవీ.